లిఫ్టు మేస్త్రి సెట్టింగులు

ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపులో ఆవిడను అందరూ కొలతలక్క అంటారు. వయసులో పెద్దవాడైనా షాపు యజమాని కూడా అలాగే పిలుస్తాడు. ఏ ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టినా టేపు తీయకముందే కొలత చెప్పేస్తుంది. తరవాత టేపు పెట్టి చూసుకుని, అట్ట మీద గీత గీసి, బ్లేడు దింపేస్తుంది. దింపాక ఇక ఆలోచన ఉండదు. కోసిన అట్ట మళ్ళీ అతకదు, గాజు అసలే అతకదు. ఆ పని చేసీ చేసీ ఆవిడకు ఏదైనా ఒకసారి తేల్చేసి, దాన్ని అక్కడితో వదిలెయ్యడం అలవాటైపోయింది.

పెళ్ళి చేసుకున్నది మాత్రం దేన్నీ వదలని మనిషిని.

ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. వీధిలో లిఫ్టు మేస్త్రి అని పేరు. లిఫ్టు వచ్చి ఆగినప్పుడు లోపలి నేలా బయటి నేలా సమంగా ఉండాలి. వేలెడు తేడా వచ్చినా ఎవరో ఒకరు కాలు తట్టుకుని బోర్లా పడతారు. ఆ తేడా తియ్యడానికి బోల్టు కొంచెం తిప్పడం, ఎక్కి దిగి చూడడం, మళ్ళీ కొంచెం తిప్పడం, మళ్ళీ ఎక్కి దిగడం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన చేసింది ఇదే. ఇంట్లో కూడా అంతే. తలుపు కిర్రుమంటే తలుపు, కుళాయి కారితే కుళాయి, ఏదీ లేకపోతే బాగానే ఉన్న కుర్చీ కాలు. ఇంట్లో ఫలానా వస్తువు పనిచెయ్యడం లేదని అనే అవకాశం కొలతలక్కకు ఎన్నడూ రాలేదు. ఏ వస్తువునీ ప్రశాంతంగా ఉండనివ్వడని మాత్రం ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

ఆయన చెల్లెలు రెండు వీధుల అవతల పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడుపుతుంది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్తారు. ఒక ఆదివారం ఆమె అన్నగారింటికి వచ్చి, భోజనాల వేళకు పిల్లల చేత బొమ్మలు సర్దించడం ఎంత నరకమో చెప్పుకొచ్చింది.

"అరిచి అరిచి గొంతు పోతోంది వదినా. చిన్న పాటేదైనా అలవాటు చేస్తే, అది వినపడగానే వాళ్ళంతట వాళ్ళే సర్దడం మొదలుపెడతారట. నీ గొంతు బాగుంటుంది కదా, ఒకటి పాడి ఫోన్‌లో పెట్టివ్వకూడదూ?"

కొలతలక్క కూరగాయలు తరుగుతోంది. కత్తి చప్పుడుకు తగినట్టే అక్కడికక్కడ నాలుగు ముక్కలు కట్టి పాడేసింది.

బొమ్మా బొమ్మా, ఇల్లెక్కడ?
బుట్టలోనే, పద పద పద.
బంతీ బంతీ, చోటెక్కడ?
బల్ల కిందే, పద పద పద.

"ఇది చాలు వదినా. ఇంకోసారి పాడు, రికార్డు చేసుకుంటా," అని ఆడపడుచు సంబరంగా ఫోన్ తీసింది.

అప్పుడు లిఫ్టు మేస్త్రి చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఉత్త గొంతేం బాగుంటుంది? వెనక మ్యూజిక్ ఉండాలి. నేను చేసిస్తాలే."

వాళ్ళమ్మాయి హాస్టలుకు వెళ్తూ వెళ్తూ తండ్రి ఫోన్‌లో పాటలు తయారుచేసుకునే యాప్ ఒకటి పెట్టి వెళ్ళింది. డ్రమ్ములు, పియానో, గిటారు అన్నీ అందులోనే ఉంటాయి. వేలితో తడితే మోగుతాయి, వాటి మీద మన గొంతు ఎక్కించుకోవచ్చు. ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన దాన్ని తెరిచి అదీ ఇదీ నొక్కి చూస్తున్నాడు. ఇన్నాళ్ళకు దానికో పని దొరికింది.

ఆ క్షణాన తను అడ్డుపడి ఉంటే ఎంత బాగుండేదో అని కొలతలక్క తరవాత చాలాసార్లు అనుకుంది. అడ్డుపడలేదు. పైపెచ్చు, "పోనీలేమ్మా, మీ అన్నయ్య సరదా పడుతున్నారు," అని ఆడపడుచుకు తనే నచ్చజెప్పింది.

మొదటి సాయంత్రమంతా పాట వేగం, అదే టెంపో, కుదర్చడంతోనే సరిపోయింది. పొద్దుటి నుంచీ షాపులో నిలబడి కాళ్ళు పీకుతున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, "ఈ టక్ టక్‌కి సరిగ్గా పాడు," అన్నాడు. పాడింది. ఆయన తల అడ్డంగా ఊపి స్క్రీను మీద అంకె మార్చాడు. మళ్ళీ పాడింది. మళ్ళీ మార్చాడు.

"ఏ వేగంలో పాడాలో ముందు తేల్చుకుని నన్ను పిలవచ్చు కదండీ."

"నువ్వు పాడితేగా ఏది బాగుందో తెలిసేది."

"నేను కూరగాయలు తరుగుతూ పాడింది బాగానే ఉందిగా."

"అది ఏ టెంపోనో చెప్పగలవా?"

"నాకేం తెలుసు?"

"మరి?" అని, వాదనలో గెలిచినవాడిలా ఆయన ఇంకోసారి అంకె మార్చాడు.

తీరా వేగం కుదిరాక రికార్డింగులో ఏదో గుయ్యిమంటోందని కనిపెట్టాడు. ఫ్యాను ఆపాడు. గుయ్యిమనడం ఆగలేదు. ఫ్రిజ్ ఆపాడు. కిటికీలు మూశాడు, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కాడు. ఉక్కలో చెమటలు కారిపోతుంటే కొలతలక్క "బొమ్మా బొమ్మా" అని ఎత్తుకుంది. రెండో చరణానికి రాగానే ముందు గదిలో అత్తగారు దగ్గింది.

"అమ్మా, కాసేపు ఆపుకోమ్మా."

"దగ్గు నా చేతిలో ఉందా నాయనా? ఆ ఫ్రిజ్‌కి ఉన్నట్టు నాకూ ఓ స్విచ్చి ఉంటే ఆపేసుకుని కూర్చుందును," అంది అత్తగారు.

ఆ ఫ్రిజ్‌ని మళ్ళీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. తెల్లారి చూస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి. అత్తగారికి పొద్దున్నే కాఫీ పడకపోతే మనిషి మనిషిలా ఉండదు. ఆ రోజు ఆవిడ అలిగి గోడవైపు తిరిగి పడుకుంది. కొలతలక్క ఆ పాలగిన్నె తీసుకొచ్చి మొగుడి ముందు పెట్టి, చెప్పులేసుకుని షాపుకు వెళ్ళిపోయింది. ఆ పూట ఆవిడ కొట్టిన ప్రతి మేకూ వంకరపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బట్టల బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. వేలాడే బట్టల మధ్య నిలబడి పాడితే బయటి చప్పుడు తగలదనీ, గొంతు మెత్తగా వస్తుందనీ ఆయన ఎక్కడో చదివాడు. కొలతలక్క బీరువాలో తలపెట్టి నిలబడింది. కలరా ఉండల వాసనకు మొదటి చరణం కాకముందే తుమ్ములు మొదలయ్యాయి.

"తుమ్ము వచ్చేలా ఉంటే ముందే చెయ్యి ఊపు, ఆపేస్తా," అన్నాడాయన వెనక నుంచి.

బీరువాలో తలపెట్టుకుని తుమ్ముకోసం చెయ్యి ఊపే పెళ్ళాన్ని చూసి కూడా ఆ మనిషికి నవ్వు రాలేదు. ఆవిడకు ఒళ్ళు మండింది అందుకే. నవ్వి ఉంటే తనూ నవ్వేది.

ఫ్రిజ్ మీద చెయ్యి వెయ్యనివ్వనని అత్తగారు దాని పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేసరికి, ఆయన ఇక యాప్‌లోనే దారి వెతకడం మొదలుపెట్టాడు. నాయిస్ గేట్ అని ఒక సెట్టింగు దొరికింది. గొంతు వినపడ్డప్పుడు అది తెరుచుకుంటుందట, గొంతు ఆగగానే మూసుకుంటుందట. చిల్లర చప్పుళ్ళను లోపలికి రానివ్వదట.

"గేటు వేసేశా. ఇక ఏ చప్పుడూ రాదు," అని ప్రకటించాడు.

"గేటు చీకటి పడగానే నేనే వేశానుగా," అంది అత్తగారు.

పాడించి, వినిపించాడు. నిజంగానే చప్పుడు లేదు. పాటకు చివరి అక్షరమూ లేదు. "పద పద ప" అని గుటుక్కున మింగేసినట్టు ఆగిపోయింది. మెత్తగా దించే చివరి 'ద'ను కూడా గేటు చిల్లర చప్పుళ్ళలోనే జమకట్టేసింది. ఆయన ఏదో గీతను జరిపాడు. 'ద' సగం వచ్చింది. ఇంకాస్త జరిపితే పూర్తిగా వచ్చింది, దాని వెనకే గుయ్యిమనే చప్పుడూ వచ్చింది.

"చివర్లో కొంచెం ఒత్తి పలుకు. 'ద్ద' అన్నట్టు."

"పద పద పద్ద అనాలా? అది పాటా, పిల్లల్ని బెదిరించడమా?"

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ఇంకో గీత దొరికింది, దాన్ని జరుపుతున్నాడు.

తరవాతి వంతు స్వరాలు సరిచేసే సెట్టింగుది. 'ఎక్కడ' అనే చోట కొలతలక్క గొంతు పైనుంచి కిందికి మెల్లగా జారుతుంది. పాటంతటికీ కాస్త అందమంటూ ఉంటే అక్కడే ఉంది. యాప్‌కు ఆ జారుడు నచ్చలేదు. ఏ స్వరానికా స్వరాన్ని విడదీసి, జారుడు బల్ల మీద నుంచి దిగాల్సినదాన్ని మెట్లు దిగినట్టు దించింది.

"ఇది నా గొంతు కాదు. జలుబు చేసిన మిషను గొంతు," అంది కొలతలక్క.

ఆయన కూతురికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల అంతా విని, "నాన్నా, దాన్ని పూర్తిగా వందలో పెట్టేశావా? ఏదీ ముట్టుకోకుండా మొదట్లో ఎలా ఉందో అలా వదిలెయ్యి నాన్నా," అంది.

"అలా వదిలేసేదానికి ఇన్ని సెట్టింగులు ఎందుకిచ్చినట్టే?"

ఆ పిల్ల ఫోన్ అమ్మకివ్వమని అడిగి, "సారీ అమ్మా, ఆ యాప్ పెట్టింది నేనే," అంది. 

"తెలుసులే. సెలవులకు ఇంటికి రా, చెప్తాను," అంది కొలతలక్క.

ఇవన్నీ ఎలాగోలా ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే. ప్రతిసారీ పాట అయ్యాక ఆయన తల పైకెత్తి, చాలా మర్యాదగా, "నువ్వు వెనకబడుతున్నావ్," అనేవాడు.

మొదట ఆవిడ నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ పాడుతోంది, స్వరం తప్పిందని ఒకరిద్దరు అన్నారేమో గానీ తాళం తప్పిందని ఎవరూ అనలేదు. కానీ ఆయన వినిపిస్తే నిజమే. డ్రమ్ము ముందు పడుతోంది, 'బొమ్మా' అనే మాట దాని వెనక వస్తోంది. మర్నాడూ అంతే. కావాలని తొందరపడి పాడితే మధ్యలో ఇంకా గందరగోళమైంది. ఆవిడకు లోలోపల బెంగ పట్టుకుంది. స్నానాల గదిలో మగ్గు మీద తాళం వేసుకుంటూ పాడి చూసుకుంది. షాపులో ఫ్రేము మూలలకు మేకులు కొడుతూ ఆ దెబ్బకు సరిపోయేలా లోపల్లోపలే పాడుకుంది.

"ఏం కొలతలక్కా, మేకులు కూడా లెక్కపెట్టి కొడుతున్నావు?" అన్నాడు యజమాని.

"వయసు మీద పడుతోందండి," అంది ఆవిడ, ఆయనకు ఏమీ అర్థం కాకపోయినా.

ఆ వారాంతంలో మధ్యాహ్నం ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే లిఫ్టు మేస్త్రి ఫోన్ పట్టుకుని మొహం చేటంత చేసుకుని వచ్చాడు.

"ఇదిగో, దొరికింది. వైరు లేని ఇయర్‌ఫోన్లలో శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుందట. డ్రమ్ము నీ చెవికి ఆలస్యంగా వస్తోంది, దానికి నువ్వు సరిగ్గానే పాడుతున్నావ్. ఈ ఆలస్యాన్ని సరిచెయ్యడానికి ఓ సెట్టింగుంది చూడు."

"ఏమన్నారు?"

"సెట్టింగుంది అన్నాను."

"అంతకుముందు ఏమన్నారు?"

"నువ్వు సరిగ్గానే పాడుతున్నావని." అంటూనే ఆయన గొంతు తగ్గింది.

కొలతలక్క చేతిలో ఉన్న చొక్కాను మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"వారం రోజులుగా నా తాళం పోయిందనుకుంటున్నానండీ. మేకులు కొడుతూ సాధన చేశాను. నీళ్ళు పోసుకుంటూ సాధన చేశాను. నాకేదో అయిందని భయపడ్డాను. మీరేమో సెట్టింగు దొరికిందని నవ్వుకుంటూ వచ్చారు." ఆవిడ గొంతు పెంచలేదు. "మీకు పాట అక్కర్లేదు. సెట్టింగులే కావాలి. పాట అయిపోతే తిప్పుకోవడానికి ఏమీ ఉండదని దాన్ని అవ్వనివ్వడం లేదు. ఇక నన్ను పిలవకండి. మీ చెల్లెలికి మీరే పాడి పంపండి."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తరవాత ఇంట్లో పాట ఊసెత్తినవాళ్ళు లేరు. "అన్నం పెట్టనా," "పెట్టు," "తలుపు వేశారా," "వేశాను," అంతవరకే. ఈ మధ్యలో ఆడపడుచు ఫోన్.

"వదినా, పాట ఎంతవరకు వచ్చింది?"

"వస్తోందమ్మా. మీ అన్నయ్య చివరి మెరుగులు దిద్దుతున్నారు," అంది కొలతలక్క. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే చిరాకేసింది. పోట్లాడేదీ తనే, వెనకేసుకొచ్చేదీ తనే.

కొద్ది రోజులకు షాపు యజమాని ఆవిడను ఒక కొత్త పళ్ళ డాక్టరు క్లినిక్‌కు పంపాడు. పెద్ద పెద్ద ఫ్రేములు, గాజు పగిలితే మళ్ళీ చెయ్యడానికి వ్యవధి లేదు, దగ్గరుండి తగిలించి రమ్మన్నాడు. వ్యాను డ్రైవరూ ఆవిడా ఫ్రేములు దించుకుని వెళ్తే లిఫ్టు ముందు 'మరమ్మతు జరుగుతోంది' అని బోర్డు. మెట్ల దారే గతి. ఒక్కో ఫ్రేమూ గుండెలకు ఆనించుకుని, ముందేముందో కనపడక, అంచు పక్కనుంచి తొంగిచూసుకుంటూ ఎక్కసాగింది.

రెండో అంతస్తు మలుపులో తెలిసిన దగ్గు వినపడి ఆగింది.

లిఫ్టు తలుపులు తెరిచి ఉన్నాయి. పక్కన గోడకున్న పెట్టె తలుపూ తెరిచి ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక చిన్న వయసు ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఏదో చూసుకుంటోంది. లిఫ్టు మేస్త్రి ఆ అమ్మాయి వెనక నిలబడి టార్చి పట్టుకుని ఉన్నాడు. అక్కడ టార్చి అవసరం కూడా లేదు, వరండాలో దీపాలు బాగానే వెలుగుతున్నాయి. ఆయన పనిముట్ల సంచి గోడకు ఆనించి ఉంది. దాని జిప్పు కూడా తియ్యలేదు.

"ఇక్కడ ఆగేటప్పుడు కొంచెం కిందికి దిగుతోందమ్మా. నేను లోపలికి వెళ్ళి ఒక్కసారి చూస్తే..."

"అక్కర్లేదు సార్, అది ఇందులోనే ఉంది," అంది ఆ అమ్మాయి. మర్యాదగానే అంది. టకటకా ఏవో మీటలు నొక్కింది. లిఫ్టు పైకి వెళ్ళి, కిందికి వచ్చి, ఆగింది. "ఇప్పుడు చూడండి సార్."

ఆయన వంగి, లోపలి నేలకూ బయటి నేలకూ మధ్య చూపుడువేలు పెట్టి రాశాడు. ఒకసారి ఎక్కాడు, దిగాడు. ఇంకోసారి ఎక్కి దిగాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"సరిగ్గా ఉందమ్మా," అన్నాడు.

కొలతలక్క ఫ్రేము చాటునుంచే మెట్లెక్కి వెళ్ళిపోయింది. క్లినిక్‌లో గోడకు గుర్తులు పెట్టుకుని, అన్నీ ఒకే వరసలో వచ్చేలా తగిలించింది. డాక్టరు వచ్చి బాగుందంటే తల ఊపింది గానీ, ఆవిడ మనసంతా ఆ టార్చి దగ్గరే ఉంది.

ఇన్నాళ్ళూ సాయంత్రం ఇంటికి వచ్చే మనిషి చేతులకు గ్రీజు మరకలుండేవి. సబ్బు పెట్టి తోమినా పోయేవి కావు, తువ్వాళ్ళు పాడైపోతున్నాయని తనే సణిగేది. ఈ మధ్య తువ్వాళ్ళు శుభ్రంగా ఉంటున్నాయి. ఎందుకని తను ఒక్కసారైనా అనుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పళ్ళ డాక్టరు బిల్డింగులో మిమ్మల్ని చూశాను."

ఆయన లేసు ముడి దగ్గర చెయ్యి ఆపాడు. "పిలవలేకపోయావా?"

"చేతిలో ఫ్రేముంది." ఆవిడే అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"కొత్త రకం లిఫ్టులు వచ్చినప్పటి నుంచి. అన్నీ లోపలే, కంప్యూటర్లో. దానికి పాస్‌వర్డు ఉంటుంది. మాకివ్వరు. తుడవడం, నూనె వెయ్యడం, టార్చి పట్టడం, అంతే మా పని."

"నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా."

"ఏమని చెప్పను? పని తేలికైందని చెప్పనా?" లేసు విప్పాడు. "ఆ అమ్మాయి మంచిదే. పని బాగా చేస్తుంది. నాకు పూటంతా పట్టేది టీ తాగేలోపు చేసేస్తుంది. ఎవర్ని తప్పు పట్టేది?"

కొలతలక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే, ఇంకా చిరాకేసింది. అంతకుముందైతే కోపం తెచ్చుకోవడానికి ఒక దారంటూ ఉండేది. ఇప్పుడు ఈ మనిషి అదీ లేకుండా చేశాడు. జాలిపడి ఊరుకుందామంటే, ఊరుకున్న మరుక్షణం బీరువా తలుపులు తెరుచుకుంటాయని ఆవిడకు బాగా తెలుసు.

"రేపు పాడతాను," అంది. "ఒక్కసారే పాడతాను. ఈలోపు మీ ఇష్టం వచ్చినవన్నీ తిప్పుకుని సిద్ధంగా ఉంచుకోండి. పాడాక మాత్రం ఒక్క సెట్టింగే మార్చాలి."

ఆయన తలెత్తి చూశాడు. "ఒక్కటంటే కష్టం. ఐదు."

"రెండు."

"మూడైనా ఇవ్వవే."

"రెండంటే రెండు. ఫ్రిజ్, ఫ్యాను, మీ అమ్మ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి."

"అదీ మాట," అంది ముందు గదిలోంచి అత్తగారు.

మర్నాడు వైరున్న పాత ఇయర్‌ఫోన్లు ఎక్కడివో వెతికి తెచ్చాడు. గేటు తీసేశాడు. కొలతలక్క కుర్చీలో కూర్చుని, మోకాలి మీద వేలితో తాళం వేసుకుంటూ పాడింది. పాడుతుంటేనే తెలిసింది, డ్రమ్మూ తనూ ఒక్కటిగా నడుస్తున్నారు. వారం రోజుల బెంగ మొదటి రెండు చరణాల్లోనే దిగిపోయింది. కానీ నాలుగో చరణం చివర ఊపిరి చాలక స్వరం కిందికి జారింది. ఆయన పాటను వినిపించాడు. ఆవిడ మొహంలోకి చూశాడు, అంతే.

"అక్కడ నిజంగానే పడిపోయింది," అంది ఆవిడ, ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా.

"మళ్ళీ పాడతావా?"

"పాడను. ఒకసారే అన్నాను."

"అయితే ఆ సరిచేసేది కొంచెం పెట్టనా? వందలో కాదు. ఆ ఒక్క చోట, కొద్దిగా."

పెట్టాడు. గోరంత జరిపి వినిపించాడు. స్వరం నిలబడింది, 'ఎక్కడ' దగ్గర జారుడు జారుడుగానే ఉంది. కొలతలక్క ఇంకోసారి వేయించుకుని వింది. బాగుంది. ఇన్నాళ్ళూ ఇదే మనిషి ఇదే సెట్టింగును ఇంత తక్కువలో పెట్టి ఉంటే ఎంత బాగుండేదని మళ్ళీ ఒళ్ళు మండింది గానీ, పైకి "బాగుంది" అనే అంది.

రెండో సెట్టింగు కోసం ఆయన పూటంతా ఆలోచించాడు. ఆఖరికి డ్రమ్ము మించిపోకుండా గొంతు చప్పుడు కొంచెం పెంచాడు. చెల్లెలికి పంపబోతే ఫోన్‌లో చోటు లేదంది. తెరిచి చూస్తే 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్' అని బారులు తీరి పాటలున్నాయి. కొలతలక్క ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ ఒక్క పాటా ఉంచి, మిగిలినవన్నీ చెరిపేసింది. చెరుపుతుంటే ఆయన పక్క గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. చూడలేకపోయాడు.

పాట చేరింది. మర్నాడు మధ్యాహ్నం షాపులో అట్ట కోస్తుంటే ఆడపడుచు ఫోన్.

"వదినా, పాట చాలా బాగుంది. పిల్లలకైతే భలే నచ్చింది."

"సర్దుతున్నారా?"

"అదే వదినా." అవతల కాస్త నసుగుడు. "పాట పెట్టగానే సర్దడం మానేసి ఎగురుతున్నారు. బుట్టలో ఉన్న బొమ్మలు కూడా బయటికి తీసి వాటితో ఎగురుతున్నారు. కొంచెం నెమ్మదిగా చేసి పెట్టమంటావా అన్నయ్యని?"

కొలతలక్క బ్లేడు బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. "మీ అన్నయ్యకే చెప్పమ్మా. నేను పనిలో ఉన్నాను."

లిఫ్టు మేస్త్రి ఒక రోజు సెలవు పెట్టి, ఫోన్ తీసుకుని తనే పిల్లల కేంద్రానికి వెళ్ళాడు. నువ్వూ రారాదా అంటే ఆవిడ రానంది. సాయంత్రం చొక్కా మీద రంగు పెన్సిలు గీతలతో, ఒక మోకాలి దగ్గర ప్యాంటు తడిసిపోయి, ఉషారుగా తిరిగొచ్చాడు.

"టెంపో కొంచెం తగ్గిస్తే ఎగరడం ఆపి నడిచారు. ఇంకొంచెం తగ్గిస్తే కూర్చున్నారు."

"సర్దలేదా?"

"ఇంకా తగ్గించి చూశాను. ఒకడు అక్కడే చాప మీద నిద్రపోయాడు. వాడిని చూసి ఇంకొకడు. టెంపో తగ్గిస్తే నీ గొంతు కూడా బరువెక్కుతోంది, జోలపాటలా. దానికో వేరే సెట్టింగుంది గానీ, చెల్లెలు ముట్టుకోవద్దంది. పడుకోబెట్టే వేళకి ఇదే ఉంచుకుంటానంది."

"మరి బొమ్మలో?"

"బొమ్మలకి ఎప్పటిలాగే అరుస్తుందట."

అత్తగారు పకపకా నవ్వింది. కొలతలక్కకు నవ్వు రాలేదు. ఇంత పని చేసి, ఇన్ని పాలు విరగ్గొట్టి, 'పద పద పద' అని తరిమే పాటతో పిల్లల్ని నిద్రపుచ్చుతున్నారన్నమాట.

ఆయన ఉద్యోగం సంగతి అక్కడితో తేలలేదు. ఒకనాడు ధైర్యం చేసి ఆ ఇంజనీరమ్మాయిని, ఆ నొక్కేవి ఏమిటో చూపించమని అడిగాడు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ ఇటు తిప్పి చూపించింది. ఏది ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పింది. పాస్‌వర్డు మాత్రం కంపెనీ చేతిలో ఉందంది, శిక్షణకు పేరివ్వండి సార్ అంది. పేరిచ్చాడు. ఇంకా పిలుపు రాలేదు. అప్పటిదాకా టార్చి పట్టడమే. ఇంటికొచ్చాక ఆ రోజు తెరమీద ఏమేం చూశాడో భార్యకు బొమ్మ గీసి మరీ చెబుతాడు. ఆవిడకు సగం అర్థం కాదు, అయినా వింటుంది. విసుగొస్తే విసుగొచ్చిందని చెప్పేస్తుంది, అప్పుడాయన ఆపేస్తాడు. ఎక్కువసార్లు ఆపడు.

ఒక మధ్యాహ్నం కొలతలక్క ఆడపడుచు అడిగిన ఫ్రేము ఇచ్చి వద్దామని పిల్లల కేంద్రానికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి సన్నగా పాట వినిపిస్తోంది. తన గొంతే, కానీ తనకన్నా పెద్దావిడెవరో పాడుతున్నట్టుగా నెమ్మదిగా, బరువుగా, 'ఇల్లెక్కడ' అని జారుతోంది. ఆవిడకు అది ఏమాత్రం నచ్చలేదు. కిటికీలోంచి చూస్తే పిల్లలు చాపల మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. గదినిండా బొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆడపడుచు గోడకు చేరగిలబడి కూర్చుని, తనూ కునుకు తీస్తోంది.

తలుపు తడితే లేస్తారని ఫ్రేమును గుమ్మం పక్కన గోడకు ఆనించి, గాజు వైపు లోపలికి తిప్పి, షాపుకు వెళ్ళిపోయింది. సాయంత్రంలోగా ఒక నిలువుటద్దానికి చట్రం కట్టాలి. దానికింకా కొలతలు కూడా తీసుకోలేదు.